అచ్చు పోయించకముందే ఆకు లెక్క

ప్రశ్న: నమస్కారం. మాది పర్లాకిమిడి. మెకానికల్ డిప్లొమా చదివి, విశాఖపట్నంలో అచ్చులు తయారుచేసే షాపులో నాలుగేళ్ళు పనిచేశాను. పెళ్ళయ్యాక ఇక్కడే ఉంటున్నాను. మా మహిళా సంఘం తరఫున అడ్డాకుతో భోజనం పళ్ళాలు చేద్దామనుకుంటున్నాం. 12 అంగుళాల పళ్ళెం, మూడు గదులు, రెండు పొరల ఆకు, సాంబారు కారకుండా మధ్యలో పల్చని ఫిల్మ్. ఫిల్మ్ అమ్మే ఆయన అది మొక్కజొన్నతో చేసిందనీ, మట్టిలో కలిసిపోతుందనీ చెబుతున్నాడు. మిషనుకీ అచ్చులకీ కలిపి మూడున్నర లక్షలు అప్పు చెయ్యాలి. ఒక్కో పళ్ళేనికి ఆకు రూ. 1.20, ఫిల్మ్ 60 పైసలు, కరెంటు 25 పైసలు, కూలి 70 పైసలు, ప్యాకింగూ రవాణా 55 పైసలు, మొత్తం రూ. 3.30 అవుతుందని లెక్క వేశాను. విశాఖలో ఒక క్యాటరింగ్ ఆయన 4 రూపాయలకి తీసుకుంటానన్నాడు. పర్యావరణానికీ పెట్టుబడికీ ఏం ప్రమాదముందో ముందే చూసుకోవాలనీ, అందుకు ఎల్‌సీఏ, ఎఫ్‌ఎంఈఏ అనే నివేదికలు కావాలనీ ఒక కన్సల్టెంటు 40 వేలు అడుగుతున్నాడు. మా మామగారేమో "ఆకుకి ప్లాస్టిక్కు దేనికమ్మా" అంటున్నారు. నెలాఖరుకి అచ్చులకి ఆర్డరివ్వాలి. ఈ ప్రమాదాలు మేమే అంచనా వేసుకోగలమా? ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు:

అమ్మా, అచ్చులకి ఇంకా అడ్వాన్సు ఇవ్వలేదు. మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా ఊరటగా అనిపించిన సంగతి అదే. కాగితం మీద గీత మార్చాలంటే రబ్బరు చాలు. ఉక్కులో చెక్కాక మార్చాలంటే ఎంతవుతుందో అచ్చుల షాపులో పనిచేసిన మీకు నేను చెప్పక్కర్లేదు. కాబట్టి ముందుగా నెలాఖరు గడువుని ఇంకో నెల పొడిగించండి. కొనేవాళ్ళెవరూ ఈలోపు పారిపోరు.

మీ మామగారి మాట నుంచే మొదలుపెడతాను. పోయిన మాఘమాసంలో పాతపట్నంలో ఒక పెళ్ళికి వెళ్ళాను. భోజనాలయ్యాక చెయ్యి కడుక్కోవడానికి మండపం వెనక్కి వెళ్తే అక్కడ ఎంగిలి పళ్ళాల కుప్ప, దాని చుట్టూ నాలుగు ఆవులు. అవన్నీ ఆకు పళ్ళాలే, చూడ్డానికి ముచ్చటగా ఉన్నాయి. ఒక ఆవు పళ్ళెం అంచు పట్టి లాగింది. పై ఆకు చిరిగి నోట్లోకి పోయింది. కింద ఆకు నేల మీద ఉండిపోయింది. రెండింటి మధ్యా పల్చని తెల్లటి పొర ఒకటి సాగి, పప్పు అంటుకుని, దాని మూతికి వేలాడింది. అది రెండుసార్లు తల విదిలించి, చివరికి ఆ పొరని కూడా నమిలి మింగేసింది. ఆ పళ్ళెం గీసినవాళ్ళు భోజనం చేసే మనిషి దాకా ఆలోచించి ఆగిపోయారు. ఇరవై నిమిషాల తరవాత అది ఎవరి నోట్లోకి వెళ్తుందో వాళ్ళ కాగితం మీద లేదు. మన పక్క ఊళ్ళలో విస్తరాకు చివరికి చేరేది పశువు దగ్గరికే. వందల ఏళ్ళుగా అలాగే జరుగుతోంది. విస్తరి ఆకారంలో ఉన్న దేన్ని చూసినా ఆవు ఆకనే నమ్ముతుంది.

మీ ఫిల్మ్ మామూలు ప్లాస్టిక్ కాదు, మొక్కజొన్నదంటున్నారు. అంటే బహుశా పీఎల్ఏ అనే రకం. అది మొక్కజొన్న పిండిలోని చక్కెర నుంచి వస్తుందన్నది నిజమే. అయితే ఏ మట్టిలో, ఎంత వేడిలో కలుస్తుందో అమ్మేవాడు చెప్పడు. అది విడిపోవాలంటే పెద్ద కంపోస్టు యార్డుల్లో ఉండే వేడి కావాలి, అంటే 58 డిగ్రీల చుట్టుపక్కల, కొన్ని వారాల పాటు. మహేంద్రతనయ నది ఒడ్డున పోసిన చెత్తకుప్పకి ఆ వేడి రాదు. మరో చిక్కు కూడా ఉంది, అది మీ వ్యాపారానికే నేరుగా తగులుతుంది. పీఎల్ఏ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. పెళ్ళి బంతిలో సాంబారు బకెట్లోంచి పొగలు కక్కుతూ వస్తుంది. ఫిల్మ్ పెట్టిందే వేడి సాంబారు కోసం, ఆ వేడికే అది వదులైపోతే ఇక పెట్టి ప్రయోజనమేమిటి? పోనీ మామూలు ప్లాస్టిక్ ఫిల్మ్ వేద్దామా అంటే, 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ పళ్ళాలు, గ్లాసులు, చెంచాలు దేశమంతా నిషేధం. కంపోస్టయ్యే ప్లాస్టిక్ అని చెప్పి అమ్మాలంటే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ధ్రువపత్రం ఉండాలి. ఆ పత్రం చూపించమని మీ ఫిల్మ్ ఆయన్ని అడగండి. ఐఎస్ 17088 అనే ప్రమాణం పేరు అందులో ఉందో లేదో మీ కళ్ళతో చూసుకోండి.

ఇంకో కాగితం కూడా చదవాలి. వ్యవసాయ, ఆకు పదార్థాలతో చేసే భోజన పాత్రల కోసమే భారత ప్రమాణాల సంస్థ 2023లో ఒక ప్రమాణం తెచ్చింది, ఐఎస్ 18267. రసాయనాలు, రెజిన్లు, జిగుర్లు వాడకూడదని అందులో ఉంది. అంచులు గుచ్చుకోకూడదనీ, పైభాగం నునుపుగా ఉండాలనీ కూడా ఉంది. మీ రెండు ఆకుల మధ్య ఫిల్మ్‌ని ఏం అతికిస్తోంది? వేడికి కరిగి ఫిల్మే అతుక్కుంటుందా, జిగురు రాస్తారా? ఇది ఇప్పుడే తేల్చుకోవలసిన విషయం. దీనికి పన్ను ముడి కూడా ఉంది. 2018 జూలైలో జీఎస్టీ మండలి అడ్డాకు, సాలాకు, వాటితో చేసిన వస్తువులకి పన్ను తీసేసింది. ఫిల్మ్ కలిపిన పళ్ళేనికి ఆ మినహాయింపు వర్తిస్తుందో లేదో మీ లెక్కలాయన చేత రాతపూర్వకంగా చెప్పించుకోండి, ఆ తరవాతే 4 రూపాయల ధరకి మాటివ్వండి. ఫిల్మ్ ఉంటే అందులోంచి ఆహారంలోకి ఏం దిగుతుందో పరీక్ష కూడా చేయించాలి. ప్లాస్టిక్కుకి ఆహార భద్రతా సంస్థ 2018 ప్యాకేజింగ్ నిబంధనల్లో పెట్టిన హద్దు కిలో ఆహారానికి 60 మిల్లీగ్రాములు. అరవై పైసల ఫిల్మ్ వెనక ఎన్ని పనులు వచ్చిపడుతున్నాయో చూశారా? పర్యావరణ ప్రమాదం, ఖర్చు ప్రమాదం అని రెండు వేరు నివేదికలు అడుగుతున్నారు గానీ, రెండూ ఆ ఒక్క ఫిల్మ్ దగ్గరే పుడుతున్నాయి.

ఇప్పుడు నా అనుభవం ఒకటి. పదిహేనేళ్ళ కిందట నేను పనిచేసిన సంస్థలో బియ్యం, పిండి తెచ్చుకోవడానికి గోనెసంచి గీశాం. పిండి జారకుండా లోపల పల్చని ఫిల్మ్ అతికించాం. ప్లాస్టిక్ సంచి బరువెంత, గోనెసంచి బరువెంత, తయారీకి ఎంత కరెంటు, అన్నీ లెక్కకట్టి గోనెసంచే మేలని తేల్చాం. ఆ పట్టిక వేసింది నేనే. సంచులు బజారుకి వెళ్ళాయి. నాలుగైదు వాడకాలకే మడత దగ్గర ఫిల్మ్ పొరలుగా లేచింది. జనం దాన్ని పీకి పారేశారు. పీకాక పిండి కారింది, దాంతో సంచి కూడా మూలన పడింది. మిగిలిన సరుకు గోదాములోనే ఉండిపోయింది. ఎక్కడ తప్పు చేశానో అప్పుడు అర్థమైంది. సంచికీ సంచికీ పోలిక కట్టాను గానీ, ఒక్కో సంచి ఎన్నిసార్లు సంతకి వెళ్ళి రావాలో రాసుకోలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది, అందుకే మీకు ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

మీ కన్సల్టెంటు ఎల్‌సీఏ అంటున్నది ఈ లెక్కనే. ముడిసరుకు పుట్టిన చోటి నుంచి చెత్తకుప్ప దాకా ఒక వస్తువు ఏం తీసుకుంటుంది, ఏం వదులుతుంది అన్న చిట్టా. ఐఎస్ఓ 14040, 14044 అనే అంతర్జాతీయ ప్రమాణాలు దాని పద్ధతి చెబుతాయి. ఆ పద్ధతిలో మొట్టమొదట తేల్చుకోవలసింది, ఏ పనికి పోలిక కడుతున్నాం అని. మీ పని ఇది: "ఒక మనిషికి ఒక పూట పూర్తి భోజనం, కారకుండా, చెయ్యి కాలకుండా." ఈ వాక్యాన్ని పెద్దక్షరాలతో రాసి గోడకి అంటించండి. పళ్ళెం పల్చగా ఉంటే వడ్డించేవాళ్ళు రెండేసి కలిపి వేస్తారు. అప్పుడు మీ ఆకు, మీ కరెంటు, మీ ఖర్చు అన్నీ రెట్టింపు. ఈ వాక్యం ముందు పెట్టుకుంటేనే ఆ రెట్టింపు కనిపిస్తుంది. అదే వాక్యం పక్కన స్టీలు కంచాన్ని కూడా పెట్టి చూడండి. నీళ్ళూ, కడిగే మనుషులూ ఉన్న కల్యాణ మండపంలో వందలసార్లు వాడే స్టీలు కంచాన్ని మించింది లేదని నిజాయితీగా ఒప్పుకోవాలి. మీ పళ్ళెం నిజంగా పనికొచ్చేది నీళ్ళు చాలని చోట. కార్తీక వనభోజనాలు, గుడి దగ్గర అన్నదానాలు, పొలం పనులు, కొండ మీద జాతరలు. మీ కొనుగోలుదారుల్ని కూడా అక్కడే వెతకండి.

ఇక డబ్బు. మీ లెక్కలో ఒక్క అంకె కూడా తప్పు లేదు, కానీ ప్రతిదానికీ ఒకే అంకె ఉంది. అందులో పాడైపోయే పళ్ళాల ఊసు లేదు. కొత్త అచ్చు, కొత్త చేతులు, పైగా ఆకు అనేది రోజుకోలా ఉండే సరుకు. మొదటి ఆరు నెలలు వందకి పదిహేను పగిలినా ఆశ్చర్యపడకండి. మీ అంకెలతోనే వేసి చూద్దాం. ప్యాకింగూ రవాణా పక్కన పెడితే పళ్ళేనికి రూ. 2.75, వందకి రూ. 275. అందులో 85 పళ్ళాలే బాగుంటే ఒక్కోటి రూ. 3.24 పడుతుంది. దానికి 55 పైసలు కలిపితే రూ. 3.79. మీరు 70 పైసలు మిగులుతాయనుకున్న చోట మిగిలేది 21 పైసలు. మూడున్నర లక్షలు తిరిగి రావాలంటే 5 లక్షల పళ్ళాలు అమ్మితే చాలనుకున్నారు. ఇప్పుడు 16 లక్షలకి పైగా అమ్మాలి, వడ్డీ కాకుండానే. దానికి తోడు వానల్లో ఆకు ధర ఐదో వంతు పెరిగి రూ. 1.44 అయిందనుకోండి. పళ్ళెం రూ. 4.07 పడుతుంది, అమ్మిన ప్రతిదాని మీదా 7 పైసలు నష్టం. ఈ రెండింట్లో ఏదీ పెద్ద విపత్తు కాదు. మామూలు ఇబ్బందులే, కానీ ఒకే నెలలో కలిసి వస్తే చాలు, అప్పు మీద పడుతుంది. అందుకే ప్రతి ఖర్చు పక్కనా మూడు అంకెలు రాయండి: తక్కువ, మామూలు, ఎక్కువ. తరవాత ఏ రెండు "ఎక్కువలు" ఒకేసారి వచ్చే వీలుందో చూడండి. వానాకాలంలో ఆకు ధరా, పాడైపోయే పళ్ళాలూ రెండూ పెరుగుతాయి, ఎందుకంటే రెండింటికీ కారణం ఆ తేమే. అలా ఒకే కారణంతో జంటగా వచ్చేవే మనల్ని ముంచుతాయి.

ఇప్పుడు ఫిల్మ్ తీసేసి చూడండి. రూ. 2.15తో పళ్ళెం తయారవుతుంది. అదే పదిహేను శాతం పాడైనా, ప్యాకింగుతో కలిపి రూ. 3.08. రూ. 3.30కి అమ్మినా 22 పైసలు మిగులుతాయి. 4 రూపాయల ఫిల్మ్ పళ్ళెంలో మిగిలేదీ ఇంచుమించు ఇంతే. పైగా ఫిల్మ్ బుడగలు లేవడం, అంచు విడిపోవడం లాంటి తప్పులే ఉండవు కాబట్టి పాడైనవి తగ్గుతాయి. వందకి ఎనిమిదికి తగ్గించగలిగితే 41 పైసలు మిగులుతాయి.

"మరి సాంబారు?" అంటారు. దానికి మన పెద్దవాళ్ళు ఎప్పుడో దారి చూపించారు: డొప్ప. కారేదాన్ని పళ్ళెంలోకి రానివ్వకుండా పక్కన చిన్న డొప్పలో పోశారు. పళ్ళేనికి పనికిరాని చిన్న ఆకులు, కత్తిరింపులో మిగిలిన ముక్కలు డొప్పకి సరిపోతాయి. మూడు గదుల పళ్ళెం ప్లాస్టిక్ ట్రే చూసి వచ్చిన ఆలోచన. ప్లాస్టిక్ వేడికి సాగి గట్టు మీదుగా ఒదిగిపోతుంది, ఆకు సాగదు. గది గట్టు నిట్టనిలువుగా, మూల సన్నగా ఉంటే, అచ్చు దిగగానే నడిమి ఈనె సరిగ్గా ఆ మూల దగ్గరే విరుగుతుంది. విరిగిన చోటే కారుతుంది, కారుతుందనే ఫిల్మ్ కావలసివచ్చింది. అచ్చు గీతని కాస్త సడలించండి. మూలలు బాగా గుండ్రంగా, గోడలు ఏటవాలుగా, గదులు లేకుండా 10 అంగుళాల పళ్ళెం, పక్కన డొప్ప అచ్చు ఒకటి. ముందు ఈ రెండింటికే ఆర్డరివ్వమని నా సలహా.

12 అంగుళాలు వద్దనడానికి ఇంకా పెద్ద కారణం ఉంది. మీరు కాగితం మీద రాసే కొలత కొండ మీద అమలవుతుంది. సంతరోజు గుమ్మా, సెరంగో వైపు నుంచి సవర ఆడవాళ్ళు ఆకు కట్టలు నెత్తిన పెట్టుకుని దిగుతారు కదా, ఒకసారి వాళ్ళ పక్కన కూర్చుని ఒక కట్ట విప్పి చూడండి. చేటంత ఆకు ఒకటుంటే, అరచేయంత ఆకులు ఎన్నో ఉంటాయి. "పెద్దాకే తీసుకుంటాం" అన్నారంటే ఆ చిన్నాకులు కోసిన కష్టం వాళ్ళకి వృథా. పెద్దాకు కోసం ఇంకా లోపలికి, ఇంకా పైకి వెళ్ళాలి. అడ్డతీగ చెట్టు మీదకి ఎగబాకి పైన పరుచుకుంటుంది. పైకెక్కి ఆకు తుంపడం కన్నా కింద మొదట్లో తీగని నరికి లాగేయడం సులువు. ఆకు తుంపితే తీగ మళ్ళీ చిగురిస్తుంది. మొదలు నరికితే ఆ ఏడాది ఆకంతా ఒక్కసారి వచ్చి, మరుసటి ఏడు ఆ చెట్టు బోడిగా నిలబడుతుంది. అదే రెండో ఏడాది మీ రూ. 1.20 పెరగడానికి మొదటి కారణం అవుతుంది. అందుకని చిన్నాకుల్ని కలిపి కుట్టి, ఆ కుట్టిన విస్తరినే అచ్చులో పెట్టేలా గీయండి. మిషను మీద కుడితే నూలు దారమే వాడండి, పాలియెస్టర్ దారం వేస్తే ఆవు కథ మళ్ళీ మొదటికొస్తుంది. తీగ నరికి తెచ్చిన ఆకు కొనబోమని సంఘం తీర్మానం రాసి, కట్టకి ఒక రూపాయి ఎక్కువిచ్చి, అదే మాట కొండ మీద చెప్పండి. 2006 అటవీ హక్కుల చట్టం ఇలాంటి చిన్నతరహా అటవీ ఫలసాయం మీద సేకరించేవాళ్ళకే హక్కు ఇచ్చింది. వాళ్ళని కూర్చోబెట్టి మాట్లాడితేనే మీకు ఏటేటా ఆకు దొరుకుతుంది. సరుకు ఒడిశా సరిహద్దు దాటించి పాతపట్నం మీదుగా పంపడానికి ఏ కాగితాలు కావాలో అటవీ రేంజి ఆఫీసులో ముందే అడగండి.

ఎఫ్‌ఎంఈఏ సంగతికి వస్తాను. పేరు బరువుగా ఉంటుంది గానీ, 1940ల చివర్లో అమెరికా సైన్యం మొదలుపెట్టిన ఈ పద్ధతి ఇంట్లో మన అమ్మలు చేసే ఆలోచనే. ఏం తప్పు జరగొచ్చు, జరిగితే ఎంత కీడు, ఎంత తరచుగా జరుగుతుంది, గడప దాటకముందే మనకి కనిపిస్తుందా? మూడింటికీ పదిలోపు అంకెలు వేస్తారు, కనిపించడం ఎంత కష్టమైతే అంత పెద్ద అంకె. ఆ మూడింటినీ గుణించి, ఎక్కువ వచ్చినదాన్ని ముందు సరిచేస్తారు. మీరు కూడా చెయ్యండి, కానీ గుణకారాన్ని గుడ్డిగా నమ్మకండి. పళ్ళెంలోని పొర ఆవు మింగడం: కీడు 9, తరచుదనం 2, కనిపించడం 4, గుణిస్తే 72. పళ్ళెం అంచు వంకర పోవడం: కీడు 3, తరచుదనం 6, కనిపించడం 4, అదీ 72. ఈ రెండూ సమానమని ఎవరైనా ఒప్పుకుంటారా? ఈ లోపం చూసే అమెరికా, జర్మనీ కార్ల పరిశ్రమ సంఘాలు 2019లో ఆ గుణకారాన్ని పక్కనపెట్టి, కీడుకే మొదటి చోటు ఇచ్చాయి. మీ పట్టికలో కీడు 8 దాటినవి ఏవున్నా, మిగతా అంకెలు ఎంత చిన్నవైనా, అవి తీరాకే అచ్చు. నా లెక్కలో మీకు అలాంటివి రెండున్నాయి: ఆవు నోట్లోకి పొర, అన్నం కింద బూజు.

బూజు గురించి రెండు మాటలు. ఆకు చేతికొచ్చే కాలం వేరు, పెళ్ళిళ్ళ కాలం వేరు. మధ్యలో నిల్వ చెయ్యక తప్పదు. ఎండ తక్కువైన ఆకు కట్టలోనే నల్లబడుతుంది. ఎండ మరీ ఎక్కువైతే అచ్చులో అప్పడంలా విరుగుతుంది. వంటింటి తూకం చాలు దీనికి. పది ఆకులు తూచి, రెండు రోజులు మంచి ఎండలో పెట్టి మళ్ళీ తూచండి, తగ్గిన బరువే తేమ. ఏ తేమ దగ్గర పళ్ళెం పగలకుండా, బూజు పట్టకుండా వస్తోందో మీ అచ్చు మీదే తెలుస్తుంది, ఆ అంకె గోడ మీద రాసుకోండి. నిల్వ గదిని నేలకి రెండడుగుల ఎత్తులో పెట్టండి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మన గజపతి జిల్లా కొండల్లో చరియలు విరిగి ప్రాణాలే పోయాయి, దారులు మూసుకుపోయాయి. మీరూ చూసే ఉంటారు. అక్టోబరు నెలకి రెండు వారాల సరుకు టెక్కలిలోనో శ్రీకాకుళంలోనో ముందే పెట్టుకోవడం మీ ఖర్చులో ఉండాలి.

రవాణా మీద ఒక్క లెక్క. మన దగ్గర ఒక యూనిట్ కరెంటు వెనక సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడు ఉంటుంది. రెండు కిలోవాట్ల మిషను రోజుకి ఎనిమిది గంటలు నడిస్తే 16 యూనిట్లు, ఆరు రోజులకి 67 కిలోల చిల్లర. లీటరు డీజిలు కాలితే 2.7 కిలోలు. విశాఖకి రానూపోనూ 340 కిలోమీటర్లు, చిన్న ట్రక్కు లీటరుకి పదిహేను ఇచ్చినా 23 లీటర్లు, 60 కిలోలు దాటుతుంది. అంటే ఇంచుమించు వారమంతా మిషను నడిపినంత పొగ ఒక్క ట్రిప్పులో పోతుంది. ఆ ట్రక్కులో వెళ్ళేది పళ్ళాలా, పళ్ళాల మధ్య గాలా అన్నది అచ్చు గోడ వాలు నిర్ణయిస్తుంది. నిలువు గోడల పళ్ళాలు ఒకదాంట్లో ఒకటి దిగవు. దొంతిలో పళ్ళేనికి 8 మిల్లీమీటర్లు పడితే 40 సెంటీమీటర్ల పెట్టెలో 50 పడతాయి, 4 మిల్లీమీటర్లకి తేగలిగితే 100. డ్రాయింగులో ఆ కోణం ఒక్కటి సరిచేస్తే మీ 55 పైసలూ తగ్గుతాయి, డీజిలూ తగ్గుతుంది.

ఎగుమతి మాట మీ ఉత్తరంలో లేదు, కానీ రేపు ఎవరో ఒకరు ఆ ఆశ పెడతారు. 2025లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ పోకమట్ట (వక్కచెట్టు మట్ట) పళ్ళాల్ని ఆహారానికి వాడకూడదని చెప్పింది. పోకలోని ఆల్కలాయిడ్లు తిండిలోకి దిగొచ్చన్నది దాని అభ్యంతరం. కర్ణాటక, కేరళ, తమిళనాడుల్లో ఎందరో ఆ పళ్ళాల మీదే బతుకుతున్నారు. అడ్డాకు వేరు, పోక వేరు. అయినా మొదటి మూడేళ్ళు మీ సరుకు బరంపురానికీ విశాఖకీ మధ్యనే తిరగనివ్వండి.

కన్సల్టెంటుకి 40 వేలు ఇవ్వకండి. పైన చెప్పిందంతా మీ డిప్లొమా చదువుకి మించింది కాదు. ఆ డబ్బులో కొంత ఒక ఉక్కు అచ్చు బదులు చవకరకం నమూనా అచ్చుకి పెట్టండి. అల్యూమినియంలో చిన్నది చేసిచ్చేవాళ్ళు మీ పాత షాపులోనే ఉంటారు. ఇంకొంత ఒక మంచి ప్రయోగశాలలో పరీక్షకి ఉంచండి. మిగతాది సంఘం ఖాతాలోనే ఉండనివ్వండి.

నమూనా పళ్ళాలు యాభై వచ్చాక మీ ఇంటి అరుగు మీదే చూడండి. ఇరవైట్లో పొయ్యి మీంచి దించిన సాంబారు పోసి, కింద తెల్లకాగితం పరిచి, అరగంట వదిలెయ్యండి. కాగితం మీద మరక ఎన్నింటికి పడిందో, ఎక్కడ పడిందో పెన్సిలుతో చుట్టండి. మరకలన్నీ ఒకే చోట పడితే తప్పు అచ్చుది, తలోచోట పడితే ఆకుది. ఇరవైటిని మూతపెట్టిన అట్టపెట్టెలో పదిహేను రోజులు తడిగాలి తగిలే చోట ఉంచి, వారానికోసారి వాసన చూడండి. మిగిలిన పదింటిలో అన్నం పెట్టి మీ మామగారినీ ఆయన స్నేహితుల్నీ కూర్చోబెట్టండి. వేడన్నం తగిలినప్పుడు అడ్డాకు ఇచ్చే వాసన ఆయనకి బాగా తెలుసు, అందులో ఏ కొంచెం తేడా వచ్చినా ముందు చెప్పేది ఆయనే. తిన్నాక ఆ పది పళ్ళాలూ ఎక్కడ పడేస్తారో, వాటి దగ్గరికి ఏది వస్తుందో సాయంత్రం దాకా గమనించండి. ఆ కాగితాలు, తూకాలు, మూడేసి అంకెల పట్టిక నాకు పంపండి. కోణాలూ, మూలల గుండ్రమూ మళ్ళీ ఒకసారి కలిసి చూసి, అప్పుడు ఉక్కుకి ఆర్డరిద్దాం.